దాయాదుల పోరు చూసిన మంత్రి, భారతం చెప్పిన కవి: తిక్కన సోమయాజి

మహాభారతాన్ని తెలుగు చేసిన ముగ్గురు కవులలో అత్యధిక భారం మోసినవాడు తిక్కన సోమయాజి. పద్దెనిమిది పర్వాలలో పదిహేనింటిని ఆయన ఒక్కడే రచించాడు. పదమూడవ శతాబ్దంలో నెల్లూరును ఏలిన తెలుగు చోడుల కొలువులో ఆయన కవి, మంత్రి కూడా. ఆయన ప్రభువైన మనుమసిద్ధిని సింహాసనం నుంచి దింపినవారు పరాయి రాజులు కారు, సొంత దాయాదులే. పోయిన రాజ్యాన్ని తిరిగి రాబట్టేందుకు ఓరుగల్లుకు రాయబారిగా వెళ్లినవాడు తిక్కన. అన్నదమ్ముల బిడ్డల కలహాన్ని కావ్యంగా మలచిన కవికి అటువంటి కలహం తన కొలువులోనే ఎదురైంది.

దాయాది అంటే వారసత్వపు ఆస్తిలో భాగం పొందేవాడు అని అర్థం. పల్లెల్లో వాడుకలో ఉన్న పాలివారు అనే మాటకూ అదే అర్థం. పాలు అంటే వాటా. కాలక్రమంలో తెలుగు వాడుకలో దాయాది అన్న మాట పగకు మారుపేరుగా స్థిరపడింది. వాటా ఉన్నచోట అనుమానం, అనుమానం ఉన్నచోట భయం పుట్టడం మన ఇళ్లకు కొత్త కాదు. కురువంశంలో ఆ భయం పెరిగి పెద్దదై యుద్ధంగా మారింది. నెల్లూరు రాజ్యంలోనూ దాదాపు అదే జరిగింది.

మంత్రుల ఇంట పుట్టినవాడు

తిక్కన సుమారు 1205 నుంచి 1288 వరకు జీవించి ఉంటాడని సాహిత్య చరిత్రకారుల అంచనా. ఆయన ఇంటిపేరు కొట్టరువు. తాత మంత్రి భాస్కరుడు గుంటూరు ప్రాంతంలో అధికారం నెరపినవాడు. భాస్కరునికి కేతన, మల్లన, సిద్ధన, కొమ్మన అని నలుగురు కుమారులు. వారిలో కొమ్మనకు, ఆయన భార్య అన్నమ్మకు పుట్టిన కుమారుడు తిక్కన.

ఈ వంశక్రమం మనకు ఇంత వివరంగా తెలియడానికి ఆయన శిష్యుడు కేతన కారణం. సంస్కృతంలో దండి రచించిన దశకుమారచరిత్రను తెలుగు చేసిన కేతన, దానిని ఏ రాజుకో కాక తన గురువుకే అంకితమిచ్చాడు. ఆ సందర్భంలో గురువు వంశాన్ని తాతల కాలం నుంచి వర్ణించాడు. ఇదే కేతన విజ్ఞానేశ్వరీయం పేరుతో మితాక్షర అనే ధర్మశాస్త్ర వ్యాఖ్యానాన్ని కూడా తెలుగులోకి తెచ్చాడు. తండ్రి ఆస్తిని కొడుకులు ఎలా పంచుకోవాలో, వాటాల తగవు వచ్చినప్పుడు ఎలా తీర్చాలో చెప్పే శాస్త్రం అది. దాయభాగాన్ని శిష్యుడు న్యాయంగా తెలుగులో చెబితే, అది వికటించినప్పుడు ఏమవుతుందో గురువు కావ్యంగా చెప్పాడు.

ఆ కుటుంబంలో కలం పట్టినవారితో పాటు కత్తి పట్టినవారూ ఉన్నారు. తండ్రి సోదరుడైన సిద్ధన కుమారుని పేరు కూడా తిక్కనే. ఆయన నెల్లూరు సేనాని. ఇద్దరిని వేరుగా గుర్తించేందుకు లోకం కవిని కవి తిక్కన అనీ, సేనానిని ఖడ్గతిక్కన అనీ పిలిచింది. కవి యజ్ఞం చేసి సోమయాజి అయ్యాడు. సంస్కృతాంధ్రాలు రెండింటిలోనూ ఆయనకున్న అధికారాన్ని బట్టి ఉభయకవిమిత్రుడనీ, సృష్టి చేయగల కవి గనుక కవిబ్రహ్మ అనీ బిరుదులు వచ్చాయి.

మామ అనే పిలుపు

పెన్న ఒడ్డున ఉన్న నెల్లూరుకు ఆనాడు విక్రమసింహపురి అని పేరు. తండ్రి తిక్కభూపాలుని తరువాత, సుమారు 1248 ప్రాంతంలో మనుమసిద్ధి అక్కడ అధికారానికి వచ్చాడు. రాజుకూ మంత్రికీ రక్తసంబంధం లేదు. అయినా మనుమసిద్ధి తిక్కనను మామా అని వరుస కలిపి పిలిచేవాడు.

తిక్కన తొలి కావ్యంగా మనకు తెలిసిన నిర్వచనోత్తర రామాయణం పుట్టుకకు ఆ పిలుపే నిమిత్తమైంది. కావ్యాన్ని కన్యగా భావించడం కవుల సంప్రదాయం. తిక్కన తన కావ్యకన్యను తనకు ఇస్తే మామ అన్న పిలుపు సార్థకమవుతుందని రాజు కోరినట్టు కవి తన గ్రంథం ఆరంభంలో చెప్పుకున్నాడు. కోరినట్టే ఆ కావ్యాన్ని మనుమసిద్ధికి అంకితమిచ్చాడు. వచనం లేకుండా అంతా పద్యాలలోనే నడిపిన కావ్యం కనుక దానికి నిర్వచనం అని పేరు వచ్చింది.

తిక్కన ఎంచుకున్న కథ కూడా గమనించదగినది. రాముని వనవాసాన్నీ రావణవధనూ విడిచి ఉత్తరకాండను ఆయన తీసుకున్నాడు. అందులో మొదటి భాగం రావణుని పూర్వకథ. సవతి అన్న అయిన కుబేరుని లంక నుంచి వెళ్లగొట్టి రావణుడు ఆ నగరాన్ని తనది చేసుకోవడం ఆ కథలో ముఖ్య ఘట్టం. రెండవ భాగంలో పట్టాభిషేకం తరువాతి రాముడు కనిపిస్తాడు. లోకం ఏమనుకుంటుందో అన్న వెరపుతో, నిర్దోషి అని తనకు తెలిసిన భార్యను ఆయన అడవికి పంపుతాడు. ఆమెను రథమెక్కించి తీసుకువెళ్లే పని లక్ష్మణునిపై పడుతుంది. అన్న మాట కాదనలేక, వదినకు నిజం చెప్పలేక ఆయన పడిన వేదన ఉత్తరకాండలో అత్యంత కరుణమైన సన్నివేశం. రామావతార సమాప్తిని మాత్రం తిక్కన రాయలేదు. ఆ భాగాన్ని తరువాతి కాలంలో జయంతి రామభట్టు అనే కవి పూరించాడు.

ఓరుగల్లు రాయబారం

మనుమసిద్ధి పాలన స్థిరపడకముందే అక్కన, బయ్యన అనే దాయాదులు ఆయనను నెల్లూరు నుంచి తరిమి రాజ్యాన్ని ఆక్రమించుకున్నారు. శత్రురాజు దండెత్తి వస్తే కోట తలుపులు మూయవచ్చు. కోట రహస్యాలు, సేనానుల బలహీనతలు, ఎవరు ఎవరి పక్షమో తెలిసిన బంధువే శత్రువైనప్పుడు ఆ రక్షణ లేదు. రాజు నిరాశ్రయుడయ్యాడు. తిక్కనకు అప్పుడు కొత్త ప్రభువుల కొలువులో చేరే దారి ఉండే ఉంటుంది. ఆయన ఆ దారి పట్టలేదు.

ఆనాడు తెలుగు నేలపై అతిపెద్ద శక్తి ఓరుగల్లు కాకతీయ చక్రవర్తి గణపతిదేవుడు. 1199లో సింహాసనమెక్కిన ఆయన దశాబ్దాల పాలనలో తీరాంధ్రం మీద కూడా ఆధిపత్యం సాధించాడు. తిక్కన ఆయన వద్దకు రాయబారిగా వెళ్లాడు. శతాబ్దాల తరువాత కాసె సర్వప్ప రచించిన సిద్ధేశ్వర చరిత్రము, కూచిమంచి జగ్గకవి రచించిన సోమదేవరాజీయము ఈ రాయబారాన్ని వర్ణించాయి. ఆ గ్రంథాల ప్రకారం తిక్కన నేరుగా సైన్యం అడగలేదు. చక్రవర్తి ఆదరణ పొంది, కొలువులో మహాభారత కథను వినిపించాడు. పండితులతో వాదాలు నెగ్గాడు. ఆ తరువాతే తన ప్రభువుకు జరిగిన అన్యాయాన్ని విన్నవించాడు. గణపతిదేవుని సేనలు దక్షిణానికి నడిచి అక్కన, బయ్యనలను ఓడించాయి. మనుమసిద్ధి తిరిగి నెల్లూరు సింహాసనం ఎక్కాడు.

కొలువులో జరిగిన సంభాషణల వివరాలను తరువాతి కవులు తమ ఊహతో పెంచి ఉండవచ్చు. అయినా భారతకథనే ఆ సందర్భానికి ముడిపెట్టడంలో వారి ఔచిత్యం కనిపిస్తుంది. పాలివాని చేతిలో రాజ్యం పోగొట్టుకున్నవారి కథను, పాలివాని చేతిలో రాజ్యం పోగొట్టుకున్న రాజు తరఫున వచ్చిన మంత్రి వినిపించాడు. విన్నవారికి ధర్మరాజు ఎవరో, సుయోధనుడు ఎవరో వేరే చెప్పనవసరం లేకపోయింది. రక్తం పంచుకున్నవారు పడదోసిన రాజును, మామ అన్న పిలుపు ఒక్కటే బంధమైన మంత్రి నిలబెట్టాడు.

విరిగిన పాలు

విధేయతకు మరో ముఖం కూడా ఉంది. అది తిక్కన సొంత కుటుంబంలోనే కనిపించింది. కరవు కాలంలో పశువుల మందలను తోలుకొని వచ్చిన కాటమరాజు అనే యాదవ నాయకునికీ నెల్లూరు రాజుకూ మేత పన్ను విషయంలో తగవు వచ్చింది. పుల్లరి అనే ఆ పన్ను తగవు పాలేటి ఒడ్డున ఎర్రగడ్డపాడు యుద్ధానికి దారితీసింది. నెల్లూరు సేనలకు నాయకుడు ఖడ్గతిక్కన. తొలి పోరులో సేన దెబ్బతిన్నది. ఖడ్గతిక్కన ప్రాణాలతో ఇంటికి తిరిగివచ్చాడు.

ఆ తరువాతి కథను తెలుగునాట తరతరాలుగా చెప్పుకుంటున్నారు. భార్య చానమ్మ ఆయన స్నానానికి నీళ్లు పెట్టి, ఆడవారికి పెట్టినట్టు మంచం చాటు చేసి పసుపు ముద్ద ఉంచింది. యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాడు ఆడవారి వరుసలో చేరినట్టేనని ఆ ఏర్పాటులోని ఎత్తిపొడుపు. తల్లి ప్రోలమ్మ అన్నంలో విరిగిన పాలు పోసింది. మగవాడు విరిగి వస్తే పాలూ విరిగాయన్నది ఆమె మాటలోని భావం. ఖడ్గతిక్కన తిరిగి యుద్ధానికి వెళ్లి అక్కడే మరణించాడు.

ఈ కథను సాధారణంగా వీరమాతల, వీరపత్నుల గాథగా చెబుతారు. మరో కోణంలో చూస్తే అది భయం గురించిన కథ. ఓడిన సేనాని రణరంగంలో మృత్యువుకు భయపడి ఉండవచ్చు. ఇంటికి వచ్చాక అంతకంటే పెద్ద భయం ఆయనకు ఎదురైంది. తనవారి కళ్లలో తాను చులకన కావడమే ఆ భయం. ప్రభువు పట్ల విధేయతను కుటుంబమే కాపలా కాసింది. దాని ధర ఆ కుటుంబమే చెల్లించింది. కవి తిక్కన ఆ ఇంటివాడే. అభిమన్యుని కోసం సుభద్ర, నూరుగురు కొడుకుల కోసం గాంధారి చేసిన విలాపాలను తెలుగులో రాసిన చేతికి ఇటువంటి దుఃఖం దూరపు సంగతి కాదు.

సగంలో ఆగిన భారతం

తెలుగు భారతం మొదలైంది కూడా దాయాదుల పోరు నడిచిన కొలువులోనే. పదకొండవ శతాబ్దంలో రాజమహేంద్రవరం నుంచి వేంగిని ఏలిన రాజరాజనరేంద్రుడు నన్నయను భారతం తెలుగు చేయమని కోరాడు. తాను పాండవుల వంశక్రమానికి చెందినవాడినని ఆ రాజు నమ్మకం. ఆ రాజుకు జీవితమంతా పక్కలో బల్లెంలా నిలిచినవాడు సవతి సోదరుడు విజయాదిత్యుడు. పశ్చిమ చాళుక్యుల అండతో అతడు వేంగి కోసం పోరాడితే, రాజరాజనరేంద్రుడు తల్లి పుట్టినింటివారైన చోళుల సాయంతో సింహాసనం నిలుపుకున్నాడు. నన్నయ ఆది, సభాపర్వాలను పూర్తిచేసి అరణ్యపర్వం నడుమ ఆగిపోయాడు.

రెండు శతాబ్దాల పాటు ఎవరూ ఆ పనికి పూనుకోలేదు. తిక్కన అరణ్యపర్వంలో మిగిలిన భాగాన్ని ముట్టకుండా విరాటపర్వం నుంచి మొదలుపెట్టి చివరి వరకు నడిపాడు. మధ్యలో మిగిలిన కొరతను పద్నాలుగవ శతాబ్దంలో ఎర్రన తీర్చాడు. తొలి కావ్యాన్ని రాజుకు ఇచ్చిన తిక్కన, ఈ మహాకావ్యాన్ని ఏ రాజుకూ ఇవ్వలేదు. మరణించిన తండ్రి కొమ్మన కలలో కనిపించాడనీ, హరిహరనాథునికి అంకితమివ్వమన్న ఆదేశం ఆ కలలోనే లభించిందనీ విరాటపర్వం మొదట్లో వివరించాడు. శివుడు, విష్ణువు ఒక్కటైన రూపం హరిహరనాథుడు. ఆనాడు శైవ వైష్ణవ భక్తుల మధ్య స్పర్ధ తీవ్రంగా ఉండేది. ఒకే ఇంటి బిడ్డల వంటి రెండు మతాలు పరస్పరం శంకించుకుంటున్న వేళ ఇద్దరినీ కలిపిన దైవాన్ని ఆయన కృతిపతిగా ఎంచుకున్నాడు.

శత్రువుల నడుమ కాదు, తనవారి నడుమ

తిక్కన తెలుగు చేసిన పర్వాలలో ఎక్కువ భాగం యుద్ధమే. అయినా వాటిలో పాఠకుని వెంటాడేవి ఒకే పక్షంలో ఉన్నవారు ఒకరినొకరు నమ్మలేకపోయిన ఘట్టాలు. ఆ ఘట్టాలలో తిక్కన పాత్రలను నాటకంలోలా మాట్లాడించాడు. మాట వెనుక దాగిన మనసును చూపడంలో ఆయనకు సాటి లేదని విమర్శకులు అంటారు. భగవద్గీతను చాలా క్లుప్తం చేసిన ఈ కవి, మనుషుల సంభాషణలకు మాత్రం చోటు తగ్గించలేదు.

ఉద్యోగపర్వంలో ధృతరాష్ట్రుడు సంజయుని పాండవుల వద్దకు పంపుతాడు. శాంతి కావాలంటాడు, రాజ్యంలో భాగం మాత్రం ప్రస్తావించడు. తమ్ముని కొడుకుల బలం తలచుకుంటే ఆయనకు భయం. కన్నకొడుకును కాదంటే ఏమవుతుందోనన్నది మరో భయం. ఆ రాత్రి నిద్ర పట్టక విదురుని పిలిపించుకుంటాడు. తెల్లవార్లూ నీతి విని, మెచ్చుకొని, మరునాడు మళ్లీ కొడుకు వైపే జరుగుతాడు. రాజు మనసు మారడం కోసం కాచుకునే మంత్రి అవస్థ తిక్కనకు కొత్త కాదు.

అదే పర్వంలో ద్రౌపదికి తన భర్తల మీదే సందేహం కలుగుతుంది. కృష్ణుడు రాయబారానికి బయలుదేరుతుండగా భీముడు కూడా సంధి వైపు మొగ్గుతాడు. నిండుసభలో తనను ఈడ్చినప్పుడు పట్టిన జుట్టును చూపి, ఆ అవమానానికి విలువ లేదా అని ఆమె కృష్ణుని నిలదీస్తుంది. తనవారు తనను మరిచిపోయారేమోనన్న భయం ఆ నిలదీతలో ఉంది. రాయబారం విఫలమయ్యాక కుంతి కర్ణుని వద్దకు వెళ్లి తల్లినని చెబుతుంది. పుట్టుక దాచిన తల్లిని నమ్మి, ఆదరించిన మిత్రుని విడవడానికి కర్ణుడు ఒప్పుకోడు. ఆమెకు అయిదుగురు కొడుకులు మిగులుతారని మాత్రం మాట ఇస్తాడు.

కర్ణపర్వంలో పాండవుల ఐక్యతే తెగిపోబోతుంది. కర్ణుని చేతిలో దెబ్బతిని శిబిరంలో ఉన్న ధర్మరాజు, కర్ణుని ఇంకా చంపలేదన్న కోపంతో అర్జునుని నిందిస్తాడు. గాండీవాన్ని మరొకరికి ఇచ్చేయమంటాడు. అలా అన్నవారి తల తెగవేస్తానన్న పాత ప్రతిజ్ఞతో అర్జునుడు అన్నపై కత్తి దూస్తాడు. కృష్ణుడు అడ్డుపడతాడు. పెద్దలను మాటలతో చులకన చేయడం చంపడంతో సమానమని ఉపాయం చెప్పి ఇద్దరినీ కాపాడతాడు. చక్రవ్యూహం విరచలేని బంధాన్ని ఒక్క నిష్ఠూరం విరిచేది.

యుద్ధం ముగిసినా అపనమ్మకం ముగియదు. ధృతరాష్ట్రుడు భీముని కౌగిలించుకోవాలని అడిగినప్పుడు కృష్ణుడు ఇనుప బొమ్మను ముందుకు నెడతాడు. ఆ కౌగిలిలో బొమ్మ నుగ్గవుతుంది. కర్ణుడు తమ అన్న అని ఆలస్యంగా తెలిసిన ధర్మరాజు, రహస్యం దాచిన తల్లిని క్షమించలేక స్త్రీజాతినే శపిస్తాడు. ఆ తరువాత పదిహేనేళ్లు ధృతరాష్ట్రుడు ఆ ఇంటనే ఉంటాడు. ధర్మరాజు ఆయనను తండ్రిలా చూస్తాడు. అన్నకు వినబడకుండా భీముడు మాత్రం, నూరుగురిని చంపిన చేతులివే అని భుజాలు చరుస్తాడు. చివరకు వృద్ధదంపతులు అడవికి బయలుదేరుతారు. వారి వెంట, కొడుకులు వారించినా వినకుండా, కుంతి నడుస్తుంది. తన బిడ్డల చేతిలో బిడ్డలను పోగొట్టుకున్న గాంధారికి ఆమె చేయి ఊతమిస్తుంది.

చివరి పరీక్ష

సుమారు 1263 నాటికి మనుమసిద్ధి పాలన ముగిసింది. తిక్కన కాపాడిన రాజ్యం ఎక్కువకాలం నిలవలేదు. గణపతిదేవుని ఇంట కూడా అదే తగవు తలెత్తిందనీ, ఆయన తరువాత సింహాసనమెక్కిన కుమార్తె రుద్రమదేవిని దాయాదులు ఎదిరించారనీ కాకతీయుల చరిత్ర చెప్పే పాత గ్రంథాలు పేర్కొన్నాయి. అక్కన, బయ్యనల పేర్లు ఈనాడు గుర్తున్నాయంటే, తిక్కన చేసిన రాయబారం వల్లనే.

తిక్కన వద్ద చదువుకున్న మారన మార్కండేయ పురాణాన్ని తెలుగు చేశాడు. గురువు వాడిన జాతీయాలు, నుడికారం తరువాతి కవులకు ఒరవడి అయ్యాయి. పెన్న ఒడ్డున రంగనాథాలయ పరిసరాల్లో ఆయన భారతం రచించాడని నెల్లూరువాసులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆయన రాసిన చివరి పర్వం స్వర్గారోహణం. అందులో ధర్మరాజు స్వర్గానికి చేరి, అక్కడ వైభవంగా కూర్చున్న దుర్యోధనుని చూస్తాడు. తన తమ్ములు, భార్య, కర్ణుడు మాత్రం నరకంలో ఉన్నట్టు కనిపిస్తారు. తిరిగి స్వర్గానికి రమ్మని దేవదూత పిలిస్తే ధర్మరాజు కదలడు. తనవారున్న చోటే తనకు స్వర్గమని అక్కడే నిలిచిపోతాడు. జూదంలో తమ్ములను ఒడ్డిన అన్న, కోపంలో తమ్ముని నిందించిన అన్న, చివరకు ఏ లాభమూ లేని చోట వారి పక్కన నిలబడతాడు. ఆ క్షణంలోనే నరకం అదృశ్యమవుతుంది.

రాజ్యం పోయిన ప్రభువును విడిచిపెట్టని మంత్రి తన మహాకావ్యాన్ని ముగించినది ఈ సన్నివేశం ఉన్న పర్వంతోనే. ఎనిమిది శతాబ్దాల కిందటి ఆ నెల్లూరు రాజ్యం ఈనాడు లేదు. వాటాల తగవులు, అన్నదమ్ముల మధ్య అనుమానాలు మాత్రం ఇంకా ఉన్నాయి. అందుకే తిక్కన భారతం తెలుగు ఇళ్లలో ఇప్పటికీ పాతబడలేదు.